కారుకు ఎంత చోటు, రైలుకు ఎంత జనం: నగర ప్రయాణాల వెనుక ఉన్న లెక్క

హైదరాబాద్ మెట్రో రైలుకు మూడు బోగీలు. పొడవు 70 మీటర్ల లోపే. కూర్చున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు కలిపి అందులో సుమారు వెయ్యి మంది పడతారు. ఇదే వెయ్యి మంది కార్లలో బయలుదేరారనుకుందాం. కారుకు సగటున ఒకటిన్నర మంది చొప్పున 667 కార్లు కావాలి. సిగ్నల్ దగ్గర ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని నిలబడినా, కారుకు ఆరు మీటర్ల లెక్కన ఒక వరుస నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. అవి కదలడం మొదలైతే వరుస ఇంకా సాగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 10 మీటర్లు పోతుంది. ముందు కారుకు రెండు సెకన్ల ఎడం ఉంచితే తప్ప సమయానికి బ్రేకు వేయలేం. అంటే 20 మీటర్ల ఖాళీ, దానికి కారు పొడవు కలిపి దాదాపు 25 మీటర్లు. అప్పుడు 667 కార్ల వరుస పొడవు 16 కిలోమీటర్లు దాటుతుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు ఉన్న 29 కిలోమీటర్ల మెట్రో మార్గంలో ఇది సగం కన్నా ఎక్కువ. ఒక్క రైలు జనానికి ఇంత రోడ్డు!

కార్ల గురించి మాట్లాడినప్పుడల్లా పొగ, పెట్రోలు ముందుకొస్తాయి. అవి చిన్న విషయాలేమీ కావు. కానీ నగరంలో కారు వాడుకునే వనరుల్లో అన్నిటికన్నా కొరతగా ఉన్నది ఇంధనం కాదు, నేల. పెట్రోలు కారు స్థానంలో విద్యుత్ కారు వస్తే పొగ గొట్టం పోతుంది, ఆక్రమించే చదరపు మీటర్లు మాత్రం అలాగే ఉంటాయి. ఈ నేల లెక్క అర్థమైతే, రైలు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఖాళీగా తిరుగుతుంది, కోట్లు పోసి కట్టిన ఫ్లైఓవర్ కొన్నేళ్లకే ఎందుకు నిండిపోతుంది అన్న ప్రశ్నలకు చాలావరకు సమాధానం దొరుకుతుంది.

రోడ్డు మీద ప్రవాహం

గొట్టంలో నీటి ప్రవాహం లాగే రోడ్డు మీది వాహనాలనూ లెక్కించవచ్చు. ఒక చోట నిలబడి గంటకు ఎన్ని వాహనాలు దాటాయో చూస్తే అది ప్రవాహం. కిలోమీటరు రోడ్డులో ఎన్ని వాహనాలున్నాయో అది సాంద్రత. సాంద్రతను వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. అమెరికన్ ఇంజినీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ 1930లలో రోడ్డు పక్క నుంచి ఫొటోలు తీసి ఈ సంబంధాన్ని పరిశీలించాడు. సాంద్రత పెరిగేకొద్దీ వేగం తగ్గుతుందని ఆయన గమనించాడు. మొదట్లో వాహనాలు పెరిగితే ప్రవాహమూ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక మాత్రం వేగం ఎంత పడిపోతుందంటే, రోడ్డు మీద వాహనాలు ఎక్కువవుతున్నా దాటి వెళ్లేవి తగ్గిపోతాయి. గ్రాఫు గీస్తే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. నగరాల్లో సాయంత్రం ఆరున్నరకు కనిపించేది ఆ గిన్నెకు అవతలి వైపు వాలు.

ప్రమాదం, గుంత, సిగ్నల్ ఏవీ లేకుండా కూడా ట్రాఫిక్ ఆగిపోగలదని జపాన్ భౌతిక శాస్త్రవేత్తలు 2008లో చూపించారు. యూకీ సుగియామా బృందం 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వృత్తాకార దారిలో 22 కార్లను నిలిపి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సమానంగా నడపమని డ్రైవర్లకు చెప్పింది. కాసేపు అంతా బాగానే సాగింది. తర్వాత ఎవరో కొద్దిగా వేగం తగ్గించారు, వెనుకవాళ్లు ఇంకొంచెం తగ్గించారు. చూస్తుండగానే కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగిన గుంపు ఒక అలలా గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ప్రయాణించింది. 'అసలు ఎందుకు ఆగిందో తెలియదు, ముందు ఏమీ లేదు' అని డ్రైవర్లు విసుక్కునే ట్రాఫిక్ జామ్ ఇదే. వాహనాల సాంద్రత హద్దు దాటితే చాలు, వేరే కారణం అక్కర్లేదు.

రెండు సెకన్ల ఎడం నియమాన్ని బట్టి చూస్తే ఒక వరుసలో గంటకు 1,800 కార్లకు మించి దాటవు. ఒకటిన్నర మంది చొప్పున 2,700 మంది. సిగ్నళ్లు, కూడళ్లు ఉంటే అందులో సగం కూడా కష్టం. అదే వెడల్పున్న పట్టాల మీద మూడు నిమిషాలకొక మూడు బోగీల రైలు నడిస్తే గంటకు 20,000 మంది. హైదరాబాద్ మెట్రో స్టేషన్లను ఆరు బోగీల రైళ్లకు సరిపడేలా కట్టారు కాబట్టి అదే మార్గంలో 40,000 మంది ప్రయాణానికి అవకాశం ఉంది. రోడ్డు విషయంలో సామర్థ్యం రెట్టింపు కావాలంటే రెట్టింపు నేల కావాలి. రైలుకు బోగీలు తగిలిస్తే సరిపోతుంది.

శక్తి లెక్కలోనూ రైలుకు సహజమైన అనుకూలత ఉంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతుంటే రెండూ దాదాపు నలగవు. రబ్బరు టైరు ప్రతి చుట్టులోనూ నలిగి, తిరిగి ఉబ్బుతుంది. ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. అందువల్ల దొర్లుడు ఘర్షణ రైలుకు టైరు బండితో పోలిస్తే పదో వంతు దాకా తక్కువ. పైగా బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి విద్యుత్తును తిరిగి తీగలోకి పంపుతుంది. స్టేషను స్టేషనుకూ ఆగే రైలుకు ఇది మంచి పొదుపు. ఢిల్లీ మెట్రో ఈ పద్ధతితో ఐక్యరాజ్యసమితి నుంచి కార్బన్ క్రెడిట్లు కూడా సంపాదించింది.

ముంబయి చెప్పే రెండు పాఠాలు

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచింది. విద్యుత్ రైలు 1925లో అదే నగరంలో మొదలైంది. ఒక పక్క సముద్రం, మరో పక్క ఖాడీ. మధ్య సన్నని పట్టీలా ఉత్తరానికి సాగిన భూమి, దాని పొడవునా రైలు మార్గాలు. ఊరు రైలు వెంట పెరిగింది. కారు వచ్చేనాటికే స్టేషను చుట్టూ బజారు, బజారు చుట్టూ ఇళ్లు కుదురుకున్నాయి. ఇప్పుడు ముంబయి లోకల్ రైళ్లు రోజుకు సుమారు 75 లక్షల ప్రయాణాలను మోస్తున్నాయి. అంత జనాన్ని ఆ నేల మీద కార్లలో తిప్పడం ఏ ఇంజినీరు వల్లా కాదు.

రెండో పాఠం చేదైనది. పన్నెండు బోగీల లోకల్‌లో సీట్లు సుమారు 1,200. రద్దీ వేళ ఎక్కేది నాలుగున్నర వేలు, అయిదు వేలు. నిలబడే చోటులో చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది. ఒక చాప పరిచినంత స్థలం కూడా కాదది. రైల్వే ఇంజినీర్లు దీనికి 'సూపర్ డెన్స్ క్రష్ లోడ్' అని పేరే పెట్టుకున్నారు. ఈ మార్గాల్లో పట్టాలు దాటుతూ, తలుపుల దగ్గర నుంచి జారిపడుతూ ఏటా 2,000 మందికి పైగా చనిపోతున్నారు. 2025 జూన్ 9న ముంబ్రా స్టేషను దగ్గర ఎదురెదురుగా వెళ్తున్న రెండు కిక్కిరిసిన రైళ్ల తలుపుల దగ్గర వేలాడుతున్నవారు కింద పడి ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే, ఏసీ లేని లోకళ్లకూ వాటంతట అవే మూసుకునే తలుపులు పెడతామని రైల్వే ప్రకటించింది. రైలు ఎక్కువ మందిని మోయగలదంటే, ఎంతమందినైనా కుక్కవచ్చని అర్థం కాదు. ఈ తేడాను మరిచిపోయి ముంబయి రైళ్ల సామర్థ్యాన్ని పొగడటం న్యాయం కాదు.

ఇక్కడే 'సాంద్రత' అన్న మాటను కాస్త విడదీయాలి. హెక్టారుకు ఎంతమంది నివసిస్తున్నారన్నది జనసాంద్రత. గదికి ఎంతమంది అన్నది ఇరుకు. ఎన్ని అంతస్తులు అన్నది ఎత్తు. మూడూ వేర్వేరు. 1991 నిబంధనలతో ముంబయి దీవి నగరంలో స్థలానికి 1.33 రెట్ల వరకే కట్టడానికి అనుమతి ఇచ్చారు. దీన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. వంద గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 133 గజాలే కట్టాలన్నమాట. జనం రాకుండా ఇది ఆపలేదు. వచ్చినవాళ్లకు దొరికే గది మాత్రం చిన్నదైంది.

హైదరాబాద్ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు.

టవర్లు ఒకచోట, స్టేషన్లు ఒకచోట

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఎత్తేసింది. దానికి బదులు భవనం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పుతో, చుట్టూ వదిలే ఖాళీ స్థలంతో ముడిపెట్టింది. రోడ్డు ఎంత వెడల్పో అంత ఎత్తు కట్టుకోవచ్చు. వినడానికి సబబుగానే ఉంది. అయితే వెడల్పు రోడ్లు ఎక్కడున్నాయి? అమీర్‌పేట, నాంపల్లి, సికింద్రాబాద్ గల్లీల్లో కాదు. పడమటి వైపు కొత్తగా వేసిన రోడ్ల మీద, 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్నాయి. అందువల్ల నలభై, యాభై అంతస్తుల టవర్లు నార్సింగి, కోకాపేట, నానక్‌రామ్‌గూడల్లో లేచాయి. మెట్రో నీలి మార్గం మాత్రం రాయదుర్గం దగ్గర ఆగిపోయింది. ఎత్తును రోడ్డు వెడల్పుతో కాక స్టేషను దూరంతో ముడిపెట్టి ఉంటే ఇవాళ నగరం ఆకారం వేరుగా ఉండేది.

2003లో మొదలైన ఎంఎంటీఎస్ కథ ఇంకోలా సాగింది. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా నగరం గుండా పోయే పట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. చార్జీ బాగా తక్కువ. హైటెక్ సిటీకీ స్టేషను ఉంది. కానీ అవే పట్టాల మీద దూర ప్రాంతాల రైళ్లు కూడా పోవాలి కాబట్టి లోకల్ రైళ్లకు వరుసగా దారి దొరకదు. అరగంట, ముప్పావు గంట ఆగితే వచ్చే రైలును నమ్ముకుని ఎవరూ ఇల్లు అద్దెకు తీసుకోరు.

స్టేషను దూరం ఎందుకంత ముఖ్యమో ఒక వృత్తం గీస్తే తెలుస్తుంది. సాధారణంగా మనిషి స్టేషనుకు పది నిమిషాలు నడవడానికి సిద్ధపడతాడు. అంటే 800 మీటర్లు. ఆ వ్యాసార్ధంతో గీసిన వృత్తం వైశాల్యం సుమారు రెండు చదరపు కిలోమీటర్లు, అంటే 200 హెక్టార్లు. హెక్టారుకు 50 మంది ఉంటే స్టేషనుకు నడిచి రాగలిగేవారు 10,000. హెక్టారుకు 200 మంది ఉంటే 40,000. రైలు అదే, డ్రైవరు జీతం అదే, విద్యుత్ బిల్లూ దాదాపు అదే. టికెట్ల ఆదాయం మాత్రం నాలుగింతలు. కేంద్రం 2017లో తెచ్చిన రవాణా ఆధారిత నగరాభివృద్ధి విధానం కూడా స్టేషను చుట్టూ 500 నుంచి 800 మీటర్ల పరిధినే ప్రభావ ప్రాంతంగా తీసుకుంది.

కాగితం మీద గీసిన ఈ వృత్తం నేల మీద అంత గుండ్రంగా ఉండదు. ఎత్తయిన ప్రహరీ ఉన్న గేటెడ్ కాలనీ అడ్డం వస్తే 300 మీటర్ల దూరం కిలోమీటరు అవుతుంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన బళ్లు ఆపి ఉంటే పెద్దవాళ్లు నడవలేరు. పార్కింగ్ స్థలం పెంచితే దూరం నుంచి కూడా జనం వచ్చి రైలెక్కుతారు కదా అని ఒక వాదన ఉంది. లెక్క చూడండి. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ ప్రకారం ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి, ఆరుబయట 23 చదరపు మీటర్లు, భవనం కింద 28, సెల్లారులో 32 కావాలి. వెయ్యి కార్లకు 28 చదరపు మీటర్ల చొప్పున 28,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఏడెకరాలు. అందులో ఒక్కొక్కరే దిగితే నిండేది ఒకే ఒక్క మూడు బోగీల రైలు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఆర్థికంగా బలహీన వర్గాల వారికి నగరాల్లో కట్టే ఇంటి లోపలి వైశాల్యం 30 చదరపు మీటర్ల వరకు. కారు పడుకునే చోటూ, ఒక కుటుంబం ఉండే చోటూ ఒకే కొలత!

ఊరి పరిమాణాన్ని కూడా ప్రయాణ వేగమే నిర్ణయిస్తుందని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో వాదించాడు. ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా మనిషి రోజూ సగటున గంటసేపు ప్రయాణానికి వెచ్చిస్తాడని, యాకోవ్ జహావీ అంతకు ముందే చేసిన పరిశీలనలను ఆధారంగా తీసుకుని ఆయన చెప్పాడు. వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట. గంటకు అయిదు కిలోమీటర్లు నడిచే రోజుల్లో ఊరి వ్యాసార్ధం రెండున్నర కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల రైలుతో అది 15 కిలోమీటర్లు. వేగం ఆరింతలైతే వైశాల్యం 36 రెట్లు. ఇది సగటు మాత్రమే. రోజూ మూడు గంటలు దారిలోనే గడిపేవాళ్లు ప్రతి మహానగరంలోనూ ఉన్నారు. అయినా ఇందులో ఒక ముఖ్యమైన సూచన ఉంది. దారి వేగంగా మారితే జనం సమయం మిగుల్చుకోరు, ఇంకాస్త దూరం వెళ్లి ఇల్లు కట్టుకుంటారు.

పీటర్ న్యూమన్, జెఫ్రీ కెన్‌వర్తీ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1989లో 32 నగరాల జనసాంద్రతను, తలసరి పెట్రోలు వాడకాన్ని ఒకే గ్రాఫులో పెట్టారు. పలచగా పరచుకున్న హ్యూస్టన్ ఒక కొసన, కిక్కిరిసిన హాంకాంగ్ మరో కొసన తేలాయి. సాంద్రత పెరిగితే పెట్రోలు వాడకం బాగా తగ్గుతుందని ఆ వంపు చెబుతుంది. ఆదాయాలు, పెట్రోలు ధరలు పట్టించుకోలేదన్న విమర్శలు దానికి వచ్చాయి. మన నగరాలకు దాన్ని నేరుగా అన్వయించడం కుదరదు కూడా. మనవి ఇప్పటికే సాంద్రమైనవి. ఇక్కడ సమస్య జనం పలచగా ఉండటం కాదు, జనం ఉన్నచోట రైలు లేకపోవడం, రైలు ఉన్నచోట నడిచే దారి లేకపోవడం.

అసలు పోటీ రెండు చక్రాలతో

పాశ్చాత్య దేశాల చర్చల్లో కారు, రైలు రెండే పాత్రలు. మన వీధిలో మూడోది ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న ఇళ్లు 8 శాతం లోపే. ద్విచక్ర వాహనం ఉన్న ఇళ్లు దాదాపు సగం. మెట్రో పోటీ పడాల్సింది వాటితో.

పదిహేను కిలోమీటర్ల దూరంలో ఆఫీసు ఉందనుకుందాం. మెట్రో గంటకు 33 కిలోమీటర్ల సగటుతో 27 నిమిషాల్లో చేరుస్తుంది. దానికి ముందు స్టేషనుకు పది నిమిషాల నడక, మెట్లు, తనిఖీ, రైలు కోసం ఎదురుచూపు కలిపి ఏడెనిమిది నిమిషాలు, దిగాక ఆటో కోసం చూసి ఆఫీసు చేరడానికి మరో పది. మొత్తం యాభై అయిదు నిమిషాలు. బండి మీద గంటకు 22 కిలోమీటర్లతో వెళ్లినా నలభై నిమిషాలు. పైగా రవాణా నిపుణుల అంచనాల్లో నడిచే, ఎదురుచూసే ఒక్కో నిమిషం రైల్లో కూర్చున్న రెండు నిమిషాలంత భారంగా అనిపిస్తుంది. ఆటోకు ఇచ్చే నలభై, యాభై రూపాయలు వేరే. బండి గెలవడంలో ఆశ్చర్యం లేదు.

దాని మూల్యం మాత్రం ఆ లెక్కలో కనిపించదు. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. పాదచారులు మరో 19.5 శాతం. రైలుకు మళ్లిన ప్రతి బండి ప్రయాణం చోటునే కాదు, ప్రాణాపాయాన్నీ తగ్గిస్తుంది. అందుకే రైలు వేగం పెంచడం కన్నా ఆ చివరి పది నిమిషాలను తగ్గించడం మీద డబ్బు పెట్టడం మేలు. ముఖ్యంగా ఆఫీసు వైపు. ఇంటి దగ్గర మనిషికి సొంత బండి ఉంటుంది, దింపే మనిషి ఉంటాడు. రైలు దిగిన చోట ఏమీ ఉండదు. ఇళ్లకన్నా ముందు ఆఫీసులు స్టేషను పక్కన ఉండాలని నిపుణులు అనడానికి కారణం ఇదే. మిగిలిన దూరానికి సిటీ బస్సుకు మించిన సాధనం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. చార్జీ ఒక్కటీ తగ్గితే ఎంతమంది బస్సు ఎక్కుతారో దాంతో తెలిసింది. ఆ బస్సు వేళలు మెట్రో స్టేషన్లతో కలిస్తే ఏమవుతుందన్నది ఇంకా పూర్తిగా చేసి చూడని ప్రయోగం.

ఉచితంగా ఇస్తే ఎవరు కాదంటారు

రైలు కట్టగానే కార్లు తగ్గవు. కొందరు రైలుకు మారగానే రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ చూసి, ఇన్నాళ్లూ ట్రాఫిక్‌కు భయపడి ఆగినవాళ్లు బయటికొస్తారు. గైల్స్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి, పెద్ద రోడ్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరమూ దాదాపు అంతే శాతం పెరిగిందని చూపించారు. ప్రజా రవాణా పెంచినంత మాత్రాన ఆ దూరం తగ్గిన దాఖలా వారికి కనిపించలేదు. రైలు సాధించేది రోడ్డు ఖాళీ చేయడం కాదు. రోడ్డు నిండిపోయినా నగరం నడిచేలా చూడటం. కార్లు తగ్గాలంటే వాటికి ఇస్తున్న చోటుకు వెల కట్టాలి.

సింగపూర్ ఈ పని 1975లోనే చేసింది. ఉదయం రద్దీ వేళ నగర కేంద్రంలోకి కారు తేవాలంటే రోజుకు మూడు సింగపూర్ డాలర్ల అనుమతి పత్రం కొనాలి. అక్కడ మెట్రో రైలు వచ్చింది 1987లో. మధ్యలో పన్నెండేళ్లు బస్సులే దిక్కు. 'ముందు మెట్రో పూర్తి కానివ్వండి, తర్వాత కార్ల సంగతి చూద్దాం' అనే వాదనకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. తర్వాత 1990 నుంచి కారు కొనే హక్కునే వేలం వేస్తున్నారు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోం 2006లో ఏడు నెలలు ప్రయోగాత్మకంగా రద్దీ రుసుము పెట్టింది. మొదలుపెట్టే ముందు నగరవాసుల్లో ఎక్కువమంది వ్యతిరేకులే. రుసుము హద్దు దాటే వాహనాలు సుమారు అయిదో వంతు తగ్గాయి. రోడ్డు ప్రవాహం గిన్నె ఆకారంలో ఉంటుందని ముందే చూశాం. హద్దు దగ్గర ఉన్నప్పుడు అయిదో వంతు తగ్గితే జామ్ దాదాపు మాయమవుతుంది. ఆ సెప్టెంబరులో జరిగిన ఓటింగులో నగర ప్రజలు స్వల్ప ఆధిక్యంతో దాన్ని కొనసాగించమన్నారు.

అన్ని ఆంక్షలూ ఇలా ఫలించవు. మెక్సికో సిటీ 1989లో నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి వారానికొక రోజు కారు తీయొద్దంది. జనం రెండో కారు కొన్నారు, అదీ పాతది. రోజును నిషేధించడం కన్నా చోటుకు వెల కట్టడం మేలని దీన్ని బట్టి తెలుస్తుంది.

జపాన్ పద్ధతి మన దేశానికి ఇంకా దగ్గరది కావచ్చు. అక్కడ 1962 నాటి చట్టం ప్రకారం కారు రిజిస్టరు చేయించాలంటే దాన్ని నిలుపుకునే చోటు సొంతంగానో అద్దెకో ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తేవాలి. రాత్రిపూట వీధిలో వదిలేయడం కుదరదు. మన దగ్గర చట్టం దీనికి తిరగేసినట్టు ఉంది. కారు కొన్నవాడిని చోటేదని అడగదు. భవనం కట్టేవాడిని మాత్రం, కట్టిన వైశాల్యంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాల్సిందే అంటుంది. స్టేషను ఎదురుగా ఉన్న భవనానికీ సడలింపు అంతంత మాత్రమే. ఆ ఖర్చు ఫ్లాటు ధరలో, అద్దెలో కలిసిపోతుంది. కారు లేని కుటుంబం కూడా పక్కింటి కారు గదికి అద్దె కడుతోందన్నమాట. స్టేషను దగ్గర ఇంటి ధర ఇలా పెరిగితే, రైలు అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లే అక్కడి నుంచి దూరం జరుగుతారు.

ఒకే స్తంభం మీద రెండు దారులు

రోడ్డు, రైలు పక్కపక్కనే ఉన్నప్పుడు ఒక వింత జరుగుతుంది. దీన్ని డౌన్స్–థామ్సన్ విరోధాభాసం అంటారు. రద్దీ వేళ కారులో పట్టే సమయం చివరికి రైలులో ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి పట్టే సమయంతో సమానమయ్యే దాకా పోతుంది. కారు వేగంగా ఉంటే రైలు నుంచి జనం అటు మళ్లుతారు, నెమ్మదిస్తే తిరిగొస్తారు. ఇప్పుడు రోడ్డును వెడల్పు చేశారనుకుందాం. రైలు నుంచి కొందరు కార్లకు మళ్లుతారు. టికెట్ల ఆదాయం తగ్గి, నష్టం పూడ్చుకోవడానికి రైళ్ల సంఖ్య తగ్గిస్తారు. ఎదురుచూపు పెరుగుతుంది, ఇంకొందరు మళ్లుతారు. కొత్త రోడ్డూ నిండుతుంది. డబ్బు పోసి రెంటినీ మునుపటికన్నా నెమ్మది చేసినట్టవుతుంది.

నాగపూర్‌లో వర్ధా రోడ్డు మీద ఒకే స్తంభాల వరుసపై కింద ఫ్లైఓవర్, పైన మెట్రో కట్టారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు ఆ కట్టడం గిన్నిస్ రికార్డుకెక్కింది. భూసేకరణ తగ్గుతుంది, ఖర్చూ కలిసొస్తుంది. విశాఖపట్నం, విజయవాడ మెట్రో ప్రతిపాదనల్లోనూ కొంత దూరం ఇదే నమూనా ఉంది. విశాఖ రూపం కొంతవరకు ముంబయిని పోలింది. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు, మధ్య జాతీయ రహదారి వెంట పొడవుగా సాగిన ఊరు. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది వరకు ప్రతిపాదించిన మార్గం సరిగ్గా ఆ వెన్నెముక మీదే పోతుంది. రైలుకు ఇంతకన్నా అనువైన ఆకారం దొరకడం కష్టం.

అదే స్తంభం మీద సిగ్నళ్లు లేని కొత్త రోడ్డునూ ఉచితంగా ఇస్తే, గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లేవాడు పై అంతస్తు ఎక్కుతాడా, కింది అంతస్తులో బండి పోనిస్తాడా అన్నది ఫ్లైఓవర్ మీద పెట్టే రుసుమును బట్టి, స్టేషను నుంచి బయటికి వేసే ఫుట్‌పాత్‌ను బట్టి, అక్కడికొచ్చే సిటీ బస్సును బట్టి ఉంటుంది. 2017 నాటి జాతీయ మెట్రో విధానం స్టేషనుకు ఇరువైపులా అయిదు కిలోమీటర్ల దాకా బస్సులు, నడక దారులు, సైకిలు దారులు ఎలా కల్పిస్తారో ప్రాజెక్టు నివేదికలోనే చెప్పాలని రాష్ట్రాలను కోరింది. ఈ మార్గంలో స్తంభాలకు గుంతలు తవ్వకముందే ఆ పేజీలు నింపుకోవచ్చు.